మే బ్యాలెట్: స్కూల్ బాండ్లు, ట్రస్టీలు – కన్సర్వేటివ్‌లు ఎటు ఓటేయాలి?

లెక్కల_మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

ఏప్రిల్ వస్తే చాలు, "మాస్టారూ, మన లిస్టు పంపండి" అని టెక్సాస్‌లో డాలస్ ఉత్తర శివార్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. నవంబరులో అయితే పేరు పక్కన పార్టీ ఉంటుంది, చూసి వేసేయొచ్చు. మే మొదటి శనివారం జరిగే స్కూల్ బోర్డు (దాని సభ్యులే ట్రస్టీలు), సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో ఆ సౌకర్యం లేదు. మన సర్పంచ్ ఎన్నికలూ ఇంతేగా, పార్టీ గుర్తు ఉండదు. కాకపోతే అక్కడ ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. ఇక్కడ ఊరంతా కొత్తవాళ్ళమే. అందుకే ఎవరో పంపిన లిస్టు పట్టుకుని పోతాం.

ఈసారి లిస్టు ఇవ్వను, నేనెలా తేల్చుకుంటానో చెబుతాను. నేను కన్సర్వేటివ్‌నే, దాచేదేమీ లేదు. బాండు అంటే స్కూల్ డిస్ట్రిక్టో సిటీయో ఓటర్లని అడిగి తెచ్చే అప్పు, మన ప్రాపర్టీ ట్యాక్స్‌తో తీరుస్తారు. కానీ "బాండ్లన్నిటికీ నో, అదే కన్సర్వేటివ్ ఓటు" అంటే మాత్రం ఒప్పుకోను.

అలెన్ సంగతి తీసుకోండి. 2009లో అలెన్ ఐఎస్‌డీ (అక్కడి స్కూల్ డిస్ట్రిక్టు) 119 మిలియన్ డాలర్ల బాండ్ పెట్టింది. స్టేడియం, ఆడిటోరియం, బస్సుల డిపో అన్నీ ఒకే మూట. కావాలంటే మొత్తం తీసుకో, వద్దంటే మొత్తం వదిలేయ్. జనం అవునన్నారు. 60 మిలియన్లు పోసి, 18,000 మంది కూర్చునే హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం 2012లో తెరిచారు. 2014 ఫిబ్రవరికల్లా కాంక్రీటు పగుళ్ళిచ్చిందని మూసేశారు, మళ్ళీ తెరిచేసరికి 2015. అది చూసి కూడా మెకిన్నీ 2016లో 220 మిలియన్ల బాండులో స్టేడియం కలిపింది. దాని ఖర్చు చివరికి 70 మిలియన్ల దాకా పోయింది. అక్కడా తెరవకముందే పగుళ్ళు!

2019లో రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో చేసిన చట్టం ఈ మూట విప్పింది. వెయ్యి సీట్లు దాటిన స్టేడియం, ఈతకొలను, ఆడిటోరియం, ల్యాప్‌టాప్‌లు – దేనికది విడి ప్రతిపాదనగా రావాలి. ఫలితం 2023 నవంబరులో ప్రాస్పర్‌లో చూశాం. 2.8 బిలియన్ల బాండ్ నాలుగు ముక్కలుగా వచ్చింది, జనం స్కూళ్ళకి అవునని, 94 మిలియన్ల స్టేడియానికి వద్దని చెప్పారు. కన్సర్వేటివ్ ఓటు అంటే నా దృష్టిలో అదీ.

కనుక ఈ మేలో నా ఓటు: పైకప్పులు, ఏసీలు, భద్రత – ఏ స్కూలుకి ఏం చేస్తారో పేరుపేరునా రాసి ఉంటే అవును. స్టేడియం, కొలను – నో. ల్యాప్‌టాప్‌లు – ఎన్నేళ్ళలో అప్పు తీరుస్తారో చూశాక. వాట్రీ, అంటే రోజువారీ ఖర్చుల కోసం పన్ను రేటు పెంచమని అడిగే ఓటు – ముందు ఎక్కడెక్కడ ఖర్చు కోశారో చూపిస్తేనే.

---

సిద్దిపేట_శీను

గింత కథ ఎందుకు మాస్టారూ. బ్యాలెట్ మీదనే పెద్దక్షరాలల్ల రాసి ఉంటది, "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని. గది చదివినంక గూడ అవునని ఎట్ల ఏస్తరు? నాకు బ్యాంకోడు ఎస్క్రో (పన్నుకని పక్కన పెట్టే పైసలు) తక్కువ పడ్డదని ప్రతి ఏడు కాయితం పంపుతుండు. అన్నిటికీ నో. ఐపోయింది.

---

ప్రాస్పర్_పద్మ

శీను గారూ, ఆ వాక్యం చట్టం రాయమంది కాబట్టి ఉంటుంది. 2019లో హౌస్ బిల్ 3 వచ్చినప్పటి నుంచీ ప్రతి స్కూల్ బాండు మీదా అది అచ్చు వేయాల్సిందే, రేటు ఒక్క సెంటు పెరగకపోయినా సరే. మా ప్రాస్పర్‌లో అప్పుల తాలూకు రేటు ఎప్పుడో వంద డాలర్ల ఇంటి విలువకి 50 సెంట్ల గరిష్ఠానికి చేరింది. కొత్త బాండు అమ్మాలంటే ఆ 50 సెంట్లలోనే తీర్చగలమని రాష్ట్రానికి చూపించుకోవాలి. ఇంక పెరగడానికి చోటెక్కడ?

నేనూ రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓటేస్తాను. కానీ కిందటి ఆగస్టులో మావాడి స్కూల్లో ఏసీ పోయి రెండు క్లాసుల పిల్లల్ని తెచ్చి జిమ్‌లో కూర్చోబెట్టారు. నేల మీద, గోడకి వీపు ఆనించుకుని, ఒడిలో నోట్సు. మూలకొక పెద్ద ఫ్యాను. టీచరమ్మ చెప్పేది ఆ చప్పుడుకి వినపడితేగా! ఆ ఏసీ వయసు మావాడి కంటే ఎక్కువ. దాన్ని మార్చడానికి నో అంటే మిగిలేది ఏంటి, చెప్పండి.

---

లెక్కల_మాస్టారు

పద్మ గారూ, "రేటు పెరగదు" నిజమే, "బిల్లు పెరగదు" మాత్రం కాదు. పాత అప్పు తీరిపోయే కొద్దీ ఆ రేటు తగ్గాలి. కొత్త అప్పు వచ్చి ఆ తగ్గుదలని తినేస్తుంది. దానికి తోడు ఇంటి విలువ పెరుగుతూనే ఉంటుంది, పన్ను లెక్కకి ఏడాదికి 10 శాతం దాకా పెంచొచ్చు. డిస్ట్రిక్టు చెప్పేదీ నిజమే, బ్యాలెట్ మీద రాసిందీ నిజమే.

ఒక్క సెంటు ఎంతో చూడండి. అయిదు లక్షల డాలర్ల ఇల్లు, మీరే ఉంటున్నారు. 2025 నవంబరులో మనం ఓటేసిన రాష్ట్ర రాజ్యాంగ సవరణతో స్కూలు పన్నులో మినహాయింపు లక్ష నుంచి 1,40,000కి పెరిగింది. మిగిలిన 3,60,000 మీద వంద డాలర్లకి ఒక సెంటు అంటే ఏడాదికి 36 డాలర్లు. మీ డిస్ట్రిక్టు అడిగే సెంట్లతో గుణించుకోండి. ఇది చూశాక కొందరు ఇంతేనా అంటారు, కొందరు ఇంతా అంటారు. ఏదైనా అనండి, అంకె చూసి అనండి.

అసలు చూడాల్సింది వడ్డీ. వంద మిలియన్లు 4 శాతానికి పాతికేళ్ళు తీసుకుంటే తిరిగి కట్టేది 160 మిలియన్లు. రంగుల కాగితం మీద ఎప్పుడూ వందే కనిపిస్తుంది.

---

ఎడమచేతివాటం

ఈ వేదికలో నాకు ఓట్లు పడవని తెలుసు, అయినా చెబుతాను. ఒక్కో పిల్లాడికి రాష్ట్రం ఇచ్చే మూల మొత్తం 6,160 డాలర్లుగా ఉండేది. 2019లో పెట్టారు, 2025 దాకా కదల్లేదు. ఆ మధ్యలో గుడ్ల ధర ఎంత పెరిగిందో ఇక్కడున్న అందరికీ తెలుసు. 2025లో 8.5 బిలియన్ల ప్యాకేజీ అని చాటుకున్నారు గానీ అందులో ఆ మూల మొత్తానికి కలిసింది 55 డాలర్లు. అదే సమావేశాల్లో పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజుల ఖాతాలకి బిలియన్ కేటాయించారు. ఆస్టిన్‌లో డబ్బు బిగించింది మీరు గెలిపించినవాళ్ళు, ఇక్కడ "డిస్ట్రిక్టు దుబారా" అంటున్నదీ మీరే.

ఇంకోటి. 1993 నుంచి ఉన్న రాబిన్‌హుడ్ పద్ధతిలో (డబ్బున్న డిస్ట్రిక్టుల నుంచి తీసి లేనివాటికి ఇవ్వడం) మన శివార్లు కట్టే రోజువారీ ఖర్చుల పన్నులోంచి కొంత ఆస్టిన్‌కి పోతుంది. బాండు పన్ను అలా పోదు, కట్టిన ప్రతి డాలరూ ఇక్కడే ఖర్చవుతుంది. స్థానికంగా మన డబ్బు మన దగ్గరే ఉండాలన్నది కన్సర్వేటివ్ మాటే కదా?

---

సిద్దిపేట_శీను

అన్నా, ఇక్కడే ఖర్చయితది సరే, ఎందుకు ఖర్చయితది అని అడుగుతున్న. 2024 నవంబర్ల ఫ్రిస్కో ఐఎస్‌డీ 1.08 బిలియన్ బాండు పెట్టింది, పైంగ వాట్రీ. నాలుగు ప్రతిపాదనలు, నాలుగూ ఓడినయ్. ఆకాశం ఊడిపడ్డదా? బళ్ళు నడుస్తలేవా?

పిల్లలు తగ్గుతున్నరు. ప్లానో 2024ల నాలుగు బళ్ళు మూసుడు తీర్మానం జేసింది. ఫ్రిస్కో గూడ స్టేలీ మిడిల్ స్కూల్ మూసుడు నిర్ణయం తీసుకున్నది. ఒక దిక్కు మూస్తరు, ఇంకో దిక్కు కడుతమంటరు. గీ ముచ్చటకు జవాబు రావాలె ముందు.

---

ప్రాస్పర్_పద్మ

ప్లానో వేరు, మా వైపు వేరు. అక్కడ ఇళ్ళు పాతబడ్డాయి, పిల్లలు పెద్దయి వెళ్ళిపోయారు. ఇక్కడ 380 హైవే దాటి పైకి వస్తే ఇంకా పొలాల్లో జెండాలు పాతి ఇళ్ళు కడుతున్నారు. ఒకే కౌంటీలో ఒకచోట బడి మూసి ఇంకోచోట తెరవడం విడ్డూరమేమీ కాదండీ. మీ ప్రశ్న ఫ్రిస్కోకి సరిపోతుంది, మాకు అతికించకండి.

---

లెక్కల_మాస్టారు

శీను ప్రశ్న మంచిదే. ఫ్రిస్కో 2024లో నేనూ వాట్రీకి నో వేశాను. పెద్ద బాండుకి మాత్రం అవునన్నాను. ఆ ఏడాది ఒకే బ్యాలెట్ మీద రేటు పెంపూ, బిలియన్ అప్పూ కలిపి అడిగారు. జనం విడదీసి చూడలేదు, కలిపి ఊడ్చేశారు. అడిగే పద్ధతి తెలియకపోతే మంచి పనికీ ఓటు పడదు.

---

కొత్త_ఓటరు

నమస్తే అండి. పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది, ఇదే మొదటి మే ఓటు. చర్చ బాగుంది కానీ పిల్లలు, ఉద్యోగం మధ్యలో ఇంత చదివే తీరిక లేదు. ఎవరైనా లిస్టు ఇస్తే బూత్‌లో ఫోన్‌లో చూసుకుంటూ నొక్కేస్తాను.

---

లెక్కల_మాస్టారు

ఫోన్ బయటికి తీయకండమ్మా. టెక్సాస్‌లో ఓటు వేసేచోటికి వంద అడుగుల లోపల ఫోన్ వాడకూడదు, ఆ లోపల ప్రచారమూ చేయకూడదు. కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనరు. నమూనా బ్యాలెట్ కౌంటీ సైట్‌లో మీ పేరుతో వస్తుంది, దాన్నే ప్రింట్ తీసి టిక్కులు పెట్టుకోండి.

తీరిక లేకపోతే ఒక్క కాగితం చదవండి. బాండు పెట్టే ప్రతి డిస్ట్రిక్టూ "ఓటరు సమాచార పత్రం" అని ఒకటి పెట్టాలి, 2019 నుంచి చట్టం. అందులో ఒక చిన్న పట్టిక ఉంటుంది. అసలు ఎంత, వడ్డీ అంచనా ఎంత, రెండూ కలిపి ఎంత, ఇప్పటికే తీర్చాల్సిన పాత అప్పు ఎంత, లక్ష డాలర్ల ఇంటి మీద ఏడాదికి గరిష్ఠంగా ఎంత పెరుగుతుంది. అయిదు నిమిషాల పని. డిస్ట్రిక్టు సైట్‌లో బాండు పేజీ అడుగున ఎక్కడో చిన్న లింకులా ఉంటుంది. పైన నవ్వుతున్న పిల్లల ఫోటోలు దాటుకుంటూ కిందికి పోవాలి.

---

కొత్త_ఓటరు

చూశానండీ. మా డిస్ట్రిక్టుది దొరికింది. "రెండూ కలిపి" అన్న గడిలో అంకె చూసి మావారిని పిలిచి చూపించాను. మా ఇంటికి పోస్టులో వచ్చిన కాగితంలో ఆ అంకె ఎక్కడా లేదు. పైగా అందులో "ఓటేయండి" అని కూడా లేదు, "సమాచారం కోసం" అని ఉంది. ఎందుకలా?

---

ఎడమచేతివాటం

డిస్ట్రిక్టు ప్రజల డబ్బుతో బాండుకి ప్రచారం చేయకూడదు, చట్టం ఒప్పుకోదు. వివరాలు చెప్పొచ్చు, "అవునని వేయండి" అనకూడదు. ఆ పని చేసేది తల్లిదండ్రుల కమిటీలు, వాళ్ళకి చందాలిచ్చే వాళ్ళు. చందాల జాబితా బయటికి పెట్టాలి, చూడండి. అందులో ఆర్కిటెక్టులు, కాంట్రాక్టర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఈ మాట అన్నందుకు మా పార్టీ వాళ్ళు నన్ను తిట్టినా సరే.

---

సిద్దిపేట_శీను

గిదొక్క మాట మాత్రం నువ్వు కరెక్ట్ చెప్పినవ్ అన్నా 😀

---

పామర్రు_పెద్దమ్మ

నాకు 65 దాటాయి నాయనా. స్కూలు పన్ను ఆ ఏడు ఎంతుందో అక్కడే ఆగిపోయింది, గది కలిపి కట్టుకుంటే తప్ప పెరగదట. బాండు కాగితంలో కూడా అదే రాశారు, 65 దాటిన వారి స్కూలు పన్ను పరిమితి మీద దీని ప్రభావం లేదని. చదువుతుంటే ఏదోలా అనిపించింది. నా చేత అవుననిపించి, పక్కింటి కుర్రాడి చేత కట్టిస్తారన్నమాట. వాడికి ఇద్దరు పసిపిల్లలు, ఇంటి అప్పు మీద వడ్డీ నా కాలం వడ్డీకి రెండింతలు.

మా బృందంలో ఒకావిడ, మనకి పోయేదేముంది, వేసేద్దాం అంటుంది. ఇంకొకావిడ, మన పిల్లల చదువులు అయిపోయాయి, మనకెందుకు, నో కొట్టేద్దాం అంటుంది. నాకు రెండూ నచ్చలేదు. ఆ కుర్రాడినే అడిగి వాడు ఎలా అంటే అలా వేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

---

లెక్కల_మాస్టారు

తప్పేముంది పెద్దమ్మా. కాకపోతే ఓటు మీది. అతని లెక్కా వినండి, మీ మనసులో మాటా వినండి.

---

వెయిటింగ్_వాసు

ఆ పక్కింటి కుర్రాడు నాలాంటివాడే అయితే? హెచ్-1బీ. 2019లో ఇల్లు కొన్నాను. స్కూలు పన్ను, సిటీ పన్ను, కౌంటీ పన్ను అన్నీ కడుతున్నాను. పాప ఇదే డిస్ట్రిక్టులో చదువుతోంది. గ్రీన్ కార్డ్ వరస మీకు తెలిసిందే. నాకు బాండు మీద ఓటు లేదు, ట్రస్టీ మీద ఓటు లేదు. మే ఎన్నికల్లో మా వీధిలో ఓటేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఓటున్న సగం మంది ఆరోజు పిల్లల క్రికెట్ మ్యాచ్‌లో ఉంటారు. అది చూసినప్పుడు మండుతుంది.

---

మోడరేటర్

వాసు గారి మాట సందర్భంగా అందరికీ ఒక హెచ్చరిక. పౌరసత్వం లేనివారు ఓటు వేయడం, ఓటరుగా నమోదవడం నేరం, ఇమిగ్రేషన్ పూర్తిగా దెబ్బతింటుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు "ఓటరుగా నమోదు" గడి దగ్గర జాగ్రత్త. వీసా మీద ఉన్నవారు అభ్యర్థులకి చందా ఇవ్వడమూ నిషేధమే. గ్రీన్ కార్డ్ ఉన్నవారు ఇవ్వొచ్చు. కొత్తగా సిటిజన్ అయినవారు పోలింగ్‌కి 30 రోజుల ముందే నమోదై ఉండాలి. మన రాష్ట్రంలో మొదటిసారి నమోదు ఆన్‌లైన్‌లో మామూలుగా కుదరదు, ఫారం నింపి సంతకం పెట్టి పంపాలి.

---

బే_ఏరియా_బాబాయ్

కాలిఫోర్నియా నుంచి పలకరింపులు. మీ కష్టాలు వింటే నవ్వొస్తోంది. మీకు బాండు నెగ్గాలంటే సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ చాలు. మాకు 1978 నాటి ప్రాప్ 13 (జనం నేరుగా ఓటేసి తెచ్చిన ప్రతిపాదన) పుణ్యమా అని పన్ను ఇంటి విలువలో 1 శాతం, ఆ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. దాని మీద బాండులు వేరు. వాటికి మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సి ఉండేది, 2000లో ప్రాప్ 39 వచ్చి స్కూళ్ళకి 55 శాతానికి దించింది. బదులుగా పౌరుల పర్యవేక్షణ కమిటీ, ఏటా ఆడిట్, యూనిఫైడ్ డిస్ట్రిక్టు అయితే లక్షకి 60 డాలర్ల హద్దు. 2024లో మిగతా బాండ్లకీ 55 చేద్దామని ప్రాప్ 5 తెచ్చారు. అంత నీలి (డెమోక్రాట్ల) రాష్ట్రం, అయినా జనం కొట్టేశారు.

హద్దులున్నాయని నిద్రపోకూడదు సుమా. శాన్ డియాగో దగ్గర పొవే యూనిఫైడ్ 2011లో 105 మిలియన్లు అప్పు తెచ్చింది. ఇరవై ఏళ్ళ దాకా ఒక్క పైసా కట్టక్కర్లేదన్నారు. తిరిగి కట్టేది 980 మిలియన్ల చిల్లర. ఆ గొడవ తర్వాత 2013లో, కట్టేది తెచ్చినదానికి నాలుగింతలు దాటకూడదని చట్టం తెచ్చారు. మీ రాష్ట్రమూ 2015లో అలాంటి అప్పులకి కళ్ళెం వేసింది.

ఇక లిస్టుల సంగతి. మాకు పోస్టులో "కన్సర్వేటివ్ ఓటరు గైడ్" అని రిపబ్లికన్ పార్టీ ఏనుగు బొమ్మేసి వస్తుంది. పేర్ల పక్కన చిన్న చుక్క (*) గుర్తుంటుంది చూడండి, అది ఉన్నవాళ్ళు డబ్బు కట్టి ఆ లిస్టులో చేరినవాళ్ళు. అడుగున చీమంత అక్షరాల్లో, ఇది ఏ పార్టీ అధికారిక సంస్థా కాదు అని రాయాలని చట్టం. మా ఆవిడ ఒకసారి భూతద్దం పెట్టి చదివింది. ఏనుగు గైడ్‌లో పన్ను పెంపుకి అవునని సిఫార్సు, పక్కన చుక్క!

---

సిద్దిపేట_శీను

బాబాయ్, గట్లయితే మా వాట్సాప్ లిస్టులల్ల గూడ చుక్కలు పెట్టియ్యాలె. ఎవడు ఎవనికి చుట్టమో అప్పుడు తెలుస్తది.

---

ప్రాస్పర్_పద్మ

చుట్టరికం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈసారి ట్రస్టీ పోటీలో మన తెలుగాయన ఉన్నారు (పేరు వద్దులెండి). ఉగాది కార్యక్రమంలో స్టేజి మీద మాట్లాడారు, గుడిలో ప్రసాదం దగ్గర అందరికీ చేతులు జోడించారు. మా గ్రూపుల్లో "మనవాళ్ళు ఒక్కరైనా బోర్డులో ఉండాలి" అని హోరు. ఆయన బాండు మీద ఏమంటారో అడిగితే "పిల్లల భవిష్యత్తే ముఖ్యం" అన్నారు. అది జవాబా?

---

ఎడమచేతివాటం

మనవాళ్ళలో కూడా ఏ మనవాళ్ళు అనే దాకా వెళ్తుంది అది. నిరుడు ఒక గ్రూపులో

---

మోడరేటర్

పై పోస్టులో కులాల ప్రస్తావన ఉన్న భాగం తీసేశాం. నిబంధన 4 చూడండి. అభ్యర్థుల పేర్లు, కులం, ఊరు ఇక్కడ వద్దు.

---

లెక్కల_మాస్టారు

మోడరేటర్ గారికి ధన్యవాదాలు. పద్మ గారూ, అది జవాబు కాదు. తెలుగాయనని ఓటేస్తే తప్పు లేదు, అందుకొక్కదానికే వేస్తే తప్పు. నేను ఏ అభ్యర్థినైనా అడిగేది ఇదే: కిందటి బడ్జెట్‌లో మీరుంటే ఏ పద్దుకి నో చెప్పేవారు? దీనికి తడుముకోకుండా ఒక పద్దు పేరు చెప్పినవాడు కాగితాలు చదివాడన్నమాట. "అడ్మినిస్ట్రేషన్ ఖర్చు తగ్గిస్తాం" అంటే చదవలేదన్నమాట.

లిస్టులు గెలిపిస్తాయి, అందులో సందేహం లేదు. సౌత్‌లేక్‌లో 2021 మేలో కన్సర్వేటివ్ కమిటీ నిలబెట్టినవాళ్ళు 70 శాతం దగ్గర ఓట్లతో నెగ్గారు. మరుసటి ఏడు అదే ఊపులో ఒక ఫోన్ కంపెనీ తాలూకు కమిటీ టారెంట్ కౌంటీలో నాలుగు డిస్ట్రిక్టుల్లో 11 మందిని బలపరిచింది. వాటిలో కెల్లర్ ఒకటి. 2025 జనవరిలో కెల్లర్ డిస్ట్రిక్టుని రోడ్డుకి అటూ ఇటూ రెండుగా చీల్చే ఆలోచన బయటపడింది. కన్సర్వేటివ్ తల్లిదండ్రులే మీటింగులకి పోటెత్తి తిరగబడ్డారు. మార్చిలో విరమించుకున్నారు. కారణం ఏం చెప్పారో తెలుసా? ఉన్న బాండు అప్పుని రెండుగా పంచడం కుదరట్లేదని! పుస్తకాలు, సంస్కృతి మీద ఓటేసి పంపిన బోర్డు చివరికి అప్పుల లెక్క దగ్గర ఆగింది.

నాకు లైబ్రరీ పుస్తకాల మీద అభిప్రాయాలు లేకపోలేదు, గట్టివే ఉన్నాయి. కానీ ట్రస్టీ చేసే పనిలో ఎక్కువ భాగం డబ్బు పనే. ముందు అది వచ్చినవాడు కావాలి.

---

సిద్దిపేట_శీను

మాస్టారూ, ఒకటి మర్చిపోయిన్రు. సిటీ వాళ్ళు ఓటే అడగకుండ అప్పు తెచ్చుడు ఉంది కదా, సర్టిఫికెట్స్ ఆఫ్ ఆబ్లిగేషన్ అని. బాండు ఓడగొట్టి మనం సంబురపడుతుంటం, ఆళ్ళు ఎనక దర్వాజ నుంచి తెస్తరు.

---

లెక్కల_మాస్టారు

నిజం. రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం మంది సంతకాలు పెడితే దాన్నీ ఎన్నికకి పెట్టాల్సిందే. నోటీసు ముందే వేయాలి గానీ ఎవరు చూస్తారు? అన్ని బాండ్లకీ నో అంటే సిటీ వాళ్ళకి ఈ దారి మరీ ముద్దొస్తుంది. నీ "అన్నిటికీ నో"తో నాకున్న తగువులో ఇదొకటి.

---

సిద్దిపేట_శీను

సరే, స్టేడియంకు నో, వాట్రీకి నో. ఏసీల దానికి పట్టిక సూసి చెప్త. గంతవరకే దిగిన, మళ్ళ అడగొద్దు.

---

వెయిటింగ్_వాసు

ఓటు లేకపోయినా బోర్డు మీటింగ్‌లో మాట్లాడొచ్చా? పౌరసత్వం అడుగుతారా?

---

ప్రాస్పర్_పద్మ

మాట్లాడొచ్చు వాసు. ఎజెండాలో ఉన్న అంశం మీద జనాన్ని మాట్లాడనివ్వాలని 2019 నుంచి చట్టమే ఉంది. మా దగ్గర చీటీ మీద పేరు, చిరునామా, ఏ అంశమో రాసివ్వాలి. పౌరసత్వం అడగరు. మూడు నిమిషాలు ఇస్తారు, గంట మోగగానే మైకు ఆపేస్తారు. మొదటి నిమిషం పరిచయానికి పోనివ్వకు. సరాసరి అంకె చెప్పు: ఏడాదికి నేను కట్టేది ఇంత, మీ పట్టికలో రెండూ కలిపి అంకె ఇంత, మా పాప స్కూల్ పైకప్పు ఏ ఏడాది జాబితాలో ఉంది అని అడుగు. అక్కడికక్కడ జవాబివ్వరు, కానీ మాటలు రికార్డు అవుతాయి. మర్నాడు మెయిల్ పెట్టి ఆ రికార్డు ప్రస్తావిస్తే జవాబు వస్తుంది. నాకొచ్చింది.

---

వెయిటింగ్_వాసు

థ్యాంక్స్ అక్కా. సోమవారం మీటింగ్ ఉంది, వెళ్తాను. ఎజెండాలో బాండు అంశం మొదట్లోనే ఉంది.

---

పామర్రు_పెద్దమ్మ

బాబూ, నువ్వు నిజంగా మా పక్కింటివాడివి కాదు కదా? ఏ వీధి?

---

మోడరేటర్

చిరునామాలు ఇక్కడ వద్దు పెద్దమ్మా, ప్రైవేటు మెసేజ్ పెట్టుకోండి. ముందస్తు ఓటింగ్ ఏప్రిల్ చివర్లో మొదలవుతుంది. ఆ రోజుల్లో మీ కౌంటీలో ఏ కేంద్రంలోనైనా వేయొచ్చు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు మర్చిపోకండి.